గుమ్మడికాయలో బలం ఎక్కడుంది? మనం అమ్మేదేంటి, పారేసేదేంటి?



ఈ వారం వీడియోలో ఐదు కిలోల గుమ్మడికాయ కోసి, గుజ్జు ఒక పక్కన, తొక్కా పీచూ ఒక పక్కన, గింజలు ఒక పక్కన పెట్టి కాటా వేసి చూపించాను. అది చూసి చాలామంది ఫోన్ చేశారు. "అన్నా, గుమ్మడిలో నిజంగా అంత బలం ఉందా? ఉంటే మార్కెట్లో దానికి విలువెందుకు లేదు?" అని. పది నిమిషాల వీడియోలో అన్నీ చెప్పడం కుదరదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ట్రక్కు వెనక్కి తిప్పిన రోజు

మాది మార్కాపురం వైపు మెట్ట ప్రాంతం. అగ్రికల్చర్ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, మళ్లీ పొలానికే వచ్చినోణ్ణి. ఆరేళ్ల కిందట సంక్రాంతి కోసమని అరెకరంలో గుమ్మడి పెట్టాను. కాయ బాగానే దిగింది. ట్రాక్టర్ ట్రక్కులో పన్నెండు క్వింటాళ్లు వేసుకుని తెల్లారేసరికి మార్కెట్‌కి చేరాను. అప్పటికే అక్కడ నాలాంటోళ్లు పదిమంది ఉన్నారు. పండగకి అందరం ఒకటే ఆలోచన చేశాం మరి. కిలో నాలుగు రూపాయలన్నారు. బాడుగ, హమాలీ, కమీషన్ పోను చేతికొచ్చేది రెండు వేల చిల్లర. కోపమొచ్చి ట్రక్కు వెనక్కి తిప్పాను.

ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చుంటే మా నాయనమ్మ అడిగింది, "ఏందిరా అట్లున్నావ్?" అని. విషయం చెప్పాను. ఆమె నవ్వింది. "అదేమన్నా టమాటానా రా నాయనా, రేపటికి కుళ్లిపోవడానికి? గుమ్మడికాయ. అటక మీద గడ్డి పరిచి పెట్టు. ఎండాకాలం దాకా ఆగుద్ది. నువ్వే ఆగలేకపోతున్నావ్."

డిప్లొమాలో చదివిన విషయమే ఇది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ నా సొంత కాయ దగ్గరికొచ్చేసరికి గుర్తు రాలేదు. ఆ ఏడాది ఏప్రిల్ దాకా కాయలు కొద్దికొద్దిగా అమ్మాను. పద్నాలుగు నుంచి ఇరవై రూపాయల దాకా పలికింది. తొంభై కిలోల దాకా పాడైంది, అంతే. గుమ్మడి గురించి సీరియస్‌గా తెలుసుకోవడం అప్పుడే మొదలైంది.

మన గుమ్మడి పుట్టిల్లు మన దేశం కాదు

సంక్రాంతికి గుమ్మడి పండు దానమిస్తాం. గొబ్బెమ్మల మీద గుమ్మడి పూలు పెడతాం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత చెప్పుకుంటాం. సినిమావాళ్లు కూడా షూటింగ్ అయిపోతే గుమ్మడికాయ కొడతారు. ఇంతలా కలిసిపోయిన పంట కదా, మన దగ్గరే పుట్టిందనుకుంటాం.

కానీ మనం కూర వండుకునే తియ్య గుమ్మడి పుట్టింది అమెరికా ఖండాల్లో. మెక్సికోలో వహాకా ప్రాంతంలోని ఒక గుహలో మనుషులు సాగు చేసిన గుమ్మడి జాతి గింజలు దొరికాయి. అవి సుమారు 10,000 ఏళ్ల నాటివని లెక్క తేలింది. అంటే ఆ ఖండంలో మొక్కజొన్న కంటే ముందే గుమ్మడి సాగు మొదలైంది. 1492లో కొలంబస్ అటు వెళ్లాక, యూరప్ ఓడల వెంట మిరప, టమాటా, బంగాళాదుంపలాగే ఇది కూడా మన తీరానికి చేరింది.

ఇంకా ముందుకెళ్తే ఇంకో తమాషా ఉంది. అడవి గుమ్మడి చేదు విషం. చిన్న జంతువులు ముట్టుకోవు. ఏనుగు జాతికి చెందిన మాస్టడాన్ అనే పెద్ద జంతువులు మాత్రం వాటిని తిని, గింజల్ని పేడలో దూరదూరాలకు చల్లేవి. ఆ పాత పేడ నిల్వల్లో గుమ్మడి గింజలు దొరికాయి. ఆ జంతువులు అంతరించాక గుమ్మడిని బతికించింది రైతే. చేదు తక్కువున్న కాయ గింజను ఏరి, దాచి, మళ్లీ నాటుకుంటూ వచ్చాడు. అట్లా గింజ దాచుకోవడం వల్లనే మనకు ఈ పంట మిగిలింది.

అక్కడి మూలవాసులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి మూడూ ఒకే చోట వేసేవాళ్లు. 'ముగ్గురు అక్కచెల్లెళ్లు' అని పిలుచుకునేవాళ్లు. మొక్కజొన్న కర్ర మీదికి చిక్కుడు పాకుద్ది. చిక్కుడు వేళ్లు భూమికి నత్రజని ఇస్తాయి. గుమ్మడి ఆకులు నేలను కప్పి కలుపునీ తేమనీ చూసుకుంటాయి. మనం ఇప్పుడు మిశ్రమ పంట, ఆచ్ఛాదన అంటున్నది ఇదే. నేను మొక్కజొన్న, అలసంద, గుమ్మడి కలిపి వేస్తున్నా. కలుపు తీత ఖర్చు తగ్గింది.

రెండు గుమ్మళ్లు: కలిపేయకండి

ఫోన్లలో తిరిగే మెసేజ్‌లలో జరిగే పెద్ద పొరపాటు ఇది. బూడిద గుమ్మడి వేరు, తియ్య గుమ్మడి వేరు. రెండూ ఒకే కుటుంబం, కానీ జాతులు వేరు.

బూడిద గుమ్మడి ఆసియా పంట. పాత పుస్తకాల్లో కూష్మాండం అనేది ఇదే. దిష్టికి గుమ్మంలో కట్టేది, వడియాలు పెట్టేది, ఆగ్రా పేఠా చేసేది దీంతోనే. ఇందులో నీరు ఇంకా ఎక్కువ, నారింజ రంగు పదార్థం లేదు. చలవ చేస్తుందని తాగేవాళ్లు తాగండి. కానీ కంటిచూపుకి మంచిదని చెప్పేది మాత్రం తియ్య గుమ్మడి గురించి. ఒకదాని గుణం ఇంకోదానికి అంటగట్టి కస్టమర్‌కి చెప్పకండి. ఇక్కడ నేను రాసే లెక్కలన్నీ తియ్య గుమ్మడివే.

గుజ్జులో ఏముంది?

అమెరికా వ్యవసాయ శాఖ పోషక పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి గుమ్మడి గుజ్జులో సుమారుగా ఉండేవి ఇవి:

- నీరు: 91.6 గ్రాములు
- శక్తి: 26 కిలో కేలరీలు
- పిండి పదార్థం: 6.5 గ్రాములు
- మాంసకృత్తులు: 1 గ్రాము
- పొటాషియం: 340 మిల్లీగ్రాములు
- విటమిన్ సి: 9 మిల్లీగ్రాములు
- బీటా కెరోటిన్: 3.1 మిల్లీగ్రాములు

రకాన్ని బట్టి, పండిన తీరుని బట్టి ఇవి మారతాయి. లేత పసుపు గుజ్జు కంటే ముదురు నారింజ గుజ్జులో కెరోటిన్ ఎక్కువ. విత్తనం ఎంచుకునేటప్పుడు కాయ సైజు ఒక్కటే చూడకండి. కోసి లోపలి రంగు చూడండి.

ఈ పట్టికలో అసలు బంగారం బీటా కెరోటిన్. దాన్ని మన ఒళ్లు విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. 100 గ్రాముల గుజ్జు నుంచి 426 మైక్రోగ్రాముల విటమిన్ ఎ కి సమానమైనది వస్తుంది. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సిన దాంట్లో నలభై, యాభై శాతం అన్నమాట. విటమిన్ ఎ తగ్గితే రేచీకటి వస్తుంది, పిల్లలకి జబ్బులు తట్టుకునే శక్తి తగ్గుతుంది. అందుకే ప్రభుత్వం తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ల దాకా పిల్లలకి విటమిన్ ఎ చుక్కలు వేయిస్తుంది. ఆ చుక్కలు మానొద్దు. వాటితోపాటు ఇంట్లో ఉన్న కాయని కూడా వాడుకోండి. ఆరు నెలలు నిండిన బిడ్డకి ఉడికించి మెత్తగా మెదిపి, చుక్క నెయ్యి వేసి పెట్టడానికి ఇంతకంటే తేలికైన కూరగాయ తక్కువ.

ఆ నెయ్యి చుక్క ఎందుకంటే, కెరోటిన్ కొవ్వుతో కలిస్తేనే ఒంటికి బాగా పడుతుంది. ఉట్టి ముక్కలు ఉడకబెట్టి తింటే సగం లాభం వదులుకున్నట్టే. మన పెద్దోళ్లు నూనె పోసి పోపు పెట్టి, నువ్వుల పొడో కొబ్బరో వేసి చేసిన కూరే సరైన పద్ధతి. పులుసులో వేసినా, దప్పళంలో వేసినా పైన తాలింపు ఉంటుంది కదా. అది రుచికే కాదు.

ఇంకో చిన్న సంగతి. కొన్ని వారాలపాటు రోజూ గుమ్మడి, క్యారెట్ బాగా తింటే అరచేతులు కాస్త పసుపుగా కనిపిస్తాయి. అది కెరోటిన్ రంగు, తగ్గిస్తే పోతుంది. అయితే కళ్లు కూడా పచ్చబడితే అది కామెర్లు కావచ్చు. ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

గింజ: పెంటదిబ్బ మీదికి పోతున్న బలం

ఇప్పుడు వీడియోలో చూపించిన కాటా లెక్కకి వద్దాం. ఐదు కిలోల కాయలో గుజ్జు 3.8 కిలోలు. తొక్క, పీచు కలిపి కిలో పైన. పచ్చి గింజలు 150 గ్రాములు. అవి ఎండితే 80 గ్రాములు. పై పొట్టు తీస్తే 58 గ్రాముల పప్పు.

3.8 కిలోల గుజ్జులో దాదాపు మూడున్నర కిలోలు నీళ్లే. మాంసకృత్తులు 38 గ్రాములు. గుప్పెడు కూడా మించని ఆ 58 గ్రాముల పప్పులో మాంసకృత్తులు 17 గ్రాములు! అంటే మనం కాటా మీద నీళ్లు తూచి అమ్ముతున్నాం. చిక్కటి బలం మాత్రం వంటింట్లోంచి నేరుగా పెంటదిబ్బ మీదికి పోతోంది.

100 గ్రాముల ఎండు గుమ్మడి పప్పులో 559 కిలో కేలరీల శక్తి, 30 గ్రాముల మాంసకృత్తులు, 49 గ్రాముల కొవ్వు ఉంటాయి. మెగ్నీషియం 590 మిల్లీగ్రాముల దాకా, ఇనుము 8.8, జింకు 7.8 మిల్లీగ్రాములు. కొవ్వు ఎక్కువ కాబట్టి కిలోలకి కిలోలు తినేది కాదు. రోజుకి 30 గ్రాములు చాలు. అందులోనే 9 గ్రాముల మాంసకృత్తులు, 2.3 మిల్లీగ్రాముల జింకు వస్తాయి.

ఆస్ట్రియా దేశంలో స్టైరియా అనే ప్రాంతం ఉంది. అక్కడి రైతులు గుమ్మడిని గింజ నూనె కోసమే పండిస్తారు. వాళ్ల రకానికి గింజ మీద గట్టి పొట్టు ఉండదు. యంత్రంతో గింజలు తీసుకుని గుజ్జుని పొలంలోనే ఎరువుగా వదిలేస్తారు. ఆకుపచ్చ నలుపు రంగులో ఉండే ఆ నూనెకి యూరప్‌లో ప్రాంతీయ గుర్తింపు కూడా ఉంది. చూడండి, వాళ్లు గుజ్జు వదిలేసి గింజ పట్టుకెళ్తున్నారు. మనం గింజ వదిలేసి గుజ్జు పట్టుకెళ్తున్నాం. రెండూ పట్టుకెళ్లే అవకాశం మనకుంది.

ఇక్కడ కష్టం కూడా చెప్పాలి. మన నాటు గుమ్మడి గింజకి పొట్టు మందం. ఒక మనిషి పూటంతా కూర్చున్నా అరకిలో పప్పు తీయడం గగనం. అందుకే నేను పప్పు కొంచెమే చేస్తా. మిగతావి కడిగి, నీడలో ఆరబెట్టి, ఎండలో గలగలలాడేలా ఎండించి, ఉప్పు నీళ్లు చిలకరించి దోరగా వేయించి పొట్టుతోనే అమ్ముతున్నా. పుచ్చ గింజల్లా కొరికి తినేవాళ్లు తింటారు. పొట్టుతో సహా పొడి కొట్టి జల్లెడ పట్టి కారప్పొడిలో కలుపుకునేవాళ్లూ ఉన్నారు.

నేను చేసిన తప్పు

ఇది వీడియోలో చెప్పలేకపోయాను. రాయడమే నయం.

గింజల ప్యాకెట్లు మొదలుపెట్టిన కొత్తల్లో, వాట్సాప్‌లో వచ్చిన మాట నమ్మి లేబుల్ మీద 'షుగర్‌కి దివ్యౌషధం' అని అచ్చు వేయించాను. బాగా అమ్ముడయ్యాయి. మా వీధి చివర ఉండే పెద్దాయన, వరసకి బాబాయి, నెలకి నాలుగు ప్యాకెట్లు తీసుకునేవాడు. ఒకరోజు కళ్లు తిరిగి పడిపోతే హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. షుగర్ నాలుగు వందలు దాటింది. గింజలు తింటున్నా కదా అని మూడు వారాల ముందే మాత్రలు ఆపేశాడంట. చూడ్డానికి వెళ్తే నన్ను తిట్టలేదు. "నువ్వు చదువుకున్నోడివి కదరా, రాశావంటే నిజమే అనుకున్నా" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి మిగిలిన మూడు వందల లేబుళ్లు పొయ్యిలో వేశాను. అమ్మిన ఇళ్లకి తిరిగి వెళ్లి, మాత్రలు మానొద్దని ఒక్కొక్కరికీ చెప్పి వచ్చాను. దేవుడి దయ వల్ల బాబాయి కోలుకున్నాడు. ఇప్పటికీ మా దగ్గర గింజలు కొంటాడు, మాత్రలు వేసుకుంటూనే.

మిత్రులారా, ఆహారం ప్యాకెట్ మీద రోగం నయం చేస్తుందని రాయడం చట్టప్రకారం తప్పు. అంతకంటే ముందు, మనల్ని నమ్మిన మనిషికి చేసే ద్రోహం. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ల మాటకి జనంలో ఒక విలువ ఉంది. అది పోతే మళ్లీ రాదు. ఇప్పుడు నా ప్యాకెట్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్, పోషకాల పట్టిక, ప్యాక్ చేసిన తేదీ, అంతే. గుమ్మడికి ఉన్న నిజమైన బలం చాలు. లేనిది కలపాల్సిన పనిలేదు.

షుగర్ ఉన్నవాళ్లు గుమ్మడి కూర తినొచ్చా అంటే, 100 గ్రాముల్లో పిండి పదార్థం 6.5 గ్రాములే కాబట్టి మితంగా తింటే భయం లేదు. కానీ బెల్లం వేసిన తీపి కూర లెక్క వేరు. కిడ్నీ జబ్బుకి పొటాషియం తగ్గించమన్నవాళ్లు డాక్టర్‌ని అడిగే తినాలి. ఇంకొకటి ముఖ్యం: కాయ ముక్క నాలుక మీద పెడితే చేదుగా ఉంటే వెంటనే ఊసేయండి, వండకండి. ఆ చేదు పాత అడవి గుమ్మడి విషమే. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉడికించినా పోదు.

ఆకూ పువ్వూ కూడా కూరే

లేత గుమ్మడి ఆకులో 100 గ్రాములకి మాంసకృత్తులు 3 గ్రాముల దాకా ఉంటాయి, అంటే గుజ్జు కంటే మూడింతలు. ఇనుము 2 మిల్లీగ్రాముల పైన. ఒడిశా, బెంగాల్ వైపు ఆకు కూరా, పువ్వుల బజ్జీలూ ఇంటింటా చేస్తారు. మన దగ్గర అలవాటు తక్కువ. లేత కొసలు తుంచి, పీచు తీసి, పెసరపప్పుతో వండి చూడండి. తీగ మరీ పెరిగినప్పుడు కొసలు తుంచితే పక్క కొమ్మలు కూడా వస్తాయి. పువ్వు కోసేటప్పుడు మాత్రం మగ పువ్వులే కోయాలి.

మగ పువ్వు రాలితే కంగారు పడకండి

నాకు అత్యధికంగా వచ్చే ఫోన్ ఇదే. "పూత బాగా వస్తోంది, కానీ మొత్తం రాలిపోతోంది." నేను కూడా మొదటిసారి ఇట్లాగే హడలిపోయాను. అప్పటికింకా పూర్తిగా ప్రకృతి సేద్యంలోకి రాలేదు. షాపులో పూత నిలిచే మందని ఏదో ఇస్తే తెచ్చి, పొద్దున ఏడింటికి కొట్టాను. పూత నిలవలేదు సరికదా, ఆ తర్వాత నాలుగైదు రోజులు తోటలో తేనెటీగ కనపడలేదు. పిందె పల్చబడింది.

గుమ్మడిలో మగ పువ్వు, ఆడ పువ్వు వేరువేరు. ముందు మగ పువ్వులే వస్తాయి. వారం, పది రోజుల తర్వాత ఆడ పువ్వులు మొదలవుతాయి. మగ పువ్వు పని అయ్యాక రాలిపోవడం సహజం. ఆడ పువ్వుకి కింద బుల్లి గుమ్మడికాయలా పిందె ఉంటుంది, చూడగానే తెలుస్తుంది.

ఆడ పువ్వు విచ్చుకునేది ఒక్క పూటే. తెల్లవారుజామున విచ్చి, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. పుప్పొడి బరువు, జిగురు. గాలికి ఎగరదు, తేనెటీగే మోయాలి. ఆ నాలుగు గంటల్లో ఈగ రాకపోతే పిందె పసుపు తిరిగి రాలిపోతుంది. అందుకే వేప కషాయమైనా సరే పొద్దున కొట్టకండి, సాయంత్రం పువ్వులు ముడుచుకున్నాకే కొట్టండి. ఈగలు తక్కువగా ఉంటే పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపు మగ పువ్వు కోసి, రేకులు తీసేసి, ఆ కాడని ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాయండి. ఒక్క మగ పువ్వుతో రెండు, మూడు ఆడ పువ్వులకి సరిపోతుంది. పెరట్లో నాలుగు పాదులున్నవాళ్లకి ఇది చాలా పనికొస్తుంది.

నేను పాటించే పద్ధతి, క్లుప్తంగా

విత్తనానికి బీజామృతం పట్టిస్తా. ఎనిమిది అడుగుల వరుసల్లో నాలుగు అడుగులకో గుంత తీసి, ఘన జీవామృతం మట్టిలో కలిపి, గుంతకి మూడు గింజలు పెట్టి, మొలిచాక రెండు ఉంచుతా. ద్రవ జీవామృతం పదిహేను రోజులకోసారి ఎకరానికి 200 లీటర్లు నీటితో పారిస్తా.

రెండాకుల దశలో ఎర్ర పెంకుపురుగు ఆకుల్ని జల్లెడ చేస్తుంది. పొద్దున మంచు తడి ఉండగా పిడకల బూడిద చల్లితే చాలావరకు తగ్గుతుంది. పిందెల్ని పాడుచేసే పండు ఈగకి క్యూల్యూర్ ఎరలు కడతా. ఈగ కుట్టిన కాయల్ని గట్టు మీద పారేయకుండా లోతుగా పూడ్చేస్తా. ఆకు మీద బూడిద తెగులు కనిపిస్తే పుల్లటి మజ్జిగ నీళ్లలో కలిపి సాయంత్రం కొడతా. తీగ జాతి మీద గంధకం పొడి మాత్రం చల్లకండి, ఆకులు మాడిపోతాయి.

రకాల విషయానికొస్తే, బెంగళూరు ఐఐహెచ్‌ఆర్ వాళ్ల అర్క చందన్ రెండు, మూడు కిలోల కాయ, చిన్న కుటుంబానికి సరిపోతుంది. పూసా విశ్వాస్ కాయ ఇంకా పెద్దది. నాటు విత్తనం దొరికితే వదలకండి. ఇవన్నీ గింజ దాచుకోగల రకాలే, హైబ్రిడ్ అయితే దాచినా లాభం లేదు. ఒకే జాతిలో రెండు రకాలు పక్కపక్కన వేస్తే తేనెటీగలు కలిపేస్తాయి. విత్తనం కోసం ఉంచే ఆడ పువ్వుని ముందు రోజు సాయంత్రమే గుడ్డతో కట్టి, మర్నాడు అదే రకం మగ పువ్వుతో చేత్తో పరాగసంపర్కం చేసి, మళ్లీ కట్టేయండి.

కాయ సైజు పిచ్చి వద్దు. 2023లో అమెరికాలో ఒకాయన పండించిన కాయ 1,247 కిలోలు తూగి అప్పటికి ప్రపంచ రికార్డు అయింది. అది ప్రదర్శనకే. మన కస్టమర్ ఇంటికి మోసుకెళ్లేది మూడు కిలోల కాయ.

ఆగగలిగితేనే లాభం

నిల్వ మొదలయ్యేది కోత దగ్గరే. తొడిమ ఎండి బెరడులా గట్టిపడాలి. తొక్క మీద గోరు నొక్కితే దిగకూడదు. రెండు, మూడు అంగుళాల తొడిమ ఉంచి కత్తితో కోయండి. తొడిమ పట్టుకుని లేపకండి. అది ఊడితే అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది. కడగకుండా, వారం పది రోజులు పొడి ఎండలో ఉంచి, తర్వాత గాలాడే నీడలో గడ్డి మీద ఒకే వరసలో, ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. వారానికోసారి చూసి మెత్తబడినవి తీసేయండి. ఇట్లా చేస్తే మూడు నెలలు ఖాయంగా, కాయ మంచిదైతే ఆరు నెలల దాకా ఉంటుంది. మొదటి నెలల్లో లోపలి పిండి పదార్థం చక్కెరగా మారుతూ ఉంటుంది కాబట్టి రుచి కూడా పెరుగుతుంది.

ఇప్పుడు నా అమ్మకం మూడు దారుల్లో ఉంది. పండగకి మూడో వంతు కాయలు పోతాయి. మూడో వంతు ఎండాకాలం దాకా ఇళ్లకి, చిన్న కొట్లకి వెళ్తాయి. మిగతావి పెళ్లిళ్లకి వంట చేసే మేస్త్రీకి ఇస్తా, కిలోకి ఒక రూపాయి తగ్గించి. షరతు ఒకటే: గింజలు పారేయకుండా బకెట్‌లో వేసి నాకు తిరిగివ్వాలి. మొదట్లో ఆయన నవ్వాడు. ఇప్పుడు గింజలు తక్కువొస్తే ఆయనే ఫోన్ చేసి చెబుతున్నాడు.

మా నాయనమ్మ పోయి రెండేళ్లయింది. అటక మీద ఆమె పరిపించిన చోటే ఇప్పటికీ కాయలు పెడుతున్నాం. ఈసారి మీ ఇంట్లో గుమ్మడికాయ కోసినప్పుడు గింజల్ని ఒక పళ్లెంలో వేసి ఆరబెట్టండి. ఎన్ని గ్రాములు వచ్చాయో తూచి కింద రాయండి. నాటు రకం గింజలు ఎవరి దగ్గరైనా ఉంటే అది కూడా చెప్పండి, కావాల్సిన రైతులు మిమ్మల్ని అడుగుతారు. పొట్టు తీసే చిన్న మెషిన్ ఎవరైనా వాడుతుంటే మాత్రం నాకు తప్పకుండా చెప్పాలి. వచ్చే వీడియోలో దాని మీదే పని చేద్దాం.

ఉంటా మరి. నమస్తే.